తెరచాప పడవ బందరుకు రాకుండా కొచ్చికి ఎందుకు వెళుతుంది?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈ నెల విజయవాడ నుంచి వచ్చిన ఒక ఉత్తరానికి ఎక్కువ చోటు ఇవ్వవలసి వచ్చింది. గుంటూరు, తెనాలి పాఠకులు కూడా అదే విషయం మీద రాయడంతో ఆ ప్రశ్నలన్నింటినీ ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు న్యూజిలాండ్‌లో స్థిరపడ్డారు. కొంతకాలం క్రితం ఇల్లు అద్దెకు ఇచ్చి, 40 అడుగుల తెరచాప పడవ కొనుక్కుని, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని దేశాలు తిరుగుతున్నారు. ప్రస్తుతం థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో ఉన్నారు. జనవరిలో బయలుదేరి శ్రీలంక మీదుగా కొచ్చి చేరి అక్కడ కొన్ని వారాలు ఆగుతామని, మమ్మల్ని అక్కడికే రమ్మని అంటున్నారు. మా ఇంటికి 70 కిలోమీటర్ల దూరంలో బందరు ఉంది, అది కాకపోతే విశాఖపట్నం ఉంది. కన్నవారి ఊరు వదిలి దేశానికి అవతలి ఒడ్డున దిగడం ఏమిటని మావారు నొచ్చుకుంటున్నారు. పడవ కృష్ణలోకి వచ్చి భవానీ ద్వీపం దగ్గర ఆగలేదా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, మీవారు నొచ్చుకోవడం సహజమే. అయితే తెరచాప పడవ ఎక్కడ ఆగాలన్న విషయంలో దానిని నడిపేవారి ఇష్టానికి ఉండే చోటు చాలా తక్కువ. కాబట్టి అల్లుడి మీద నిష్ఠూరం పెట్టుకునే ముందు ఆ పడవ కొలతలు కొంచెం తెలుసుకోవడం మంచిది.

అంత పడవకు అడుగు భాగాన సీసంతోనో ఇనుముతోనో చేసిన బరువైన రెక్క ఒకటి నీళ్లలోకి దిగి ఉంటుంది. దానిని కీల్ అంటారు. గాలి తెరచాపను నెట్టినప్పుడు పడవ ఒరిగి బోల్తా పడకుండా, పక్కకు కొట్టుకుపోకుండా కాపాడేది అదే. దాని మూలంగా పడవ తేలడానికే సుమారు రెండు మీటర్ల లోతు కావాలి, నిశ్చింతగా నడవడానికి ఇంకా ఎక్కువ కావాలి. పైన తెరచాప కొయ్య నీటి మట్టం నుంచి 16, 17 మీటర్లు లేస్తుంది, అంటే అయిదంతస్తుల మేడంత. ఇటువంటి పడవ హంసలదీవి వైపు నుంచి కృష్ణలోకి ప్రవేశించాలనుకుంటే, మొదట వరద వరదకూ చోటు మార్చుకునే ఇసుక మేటలు అడ్డుపడతాయి. వాటిని ఎలాగో తప్పించుకున్నా పులిగడ్డ–పెనుమూడి వంతెన, కనకదుర్గ వారధి, రైలు వంతెనలు వరుసగా వస్తాయి. చివరికి 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ 70 గేట్లతో నదికి అడ్డంగా నిలబడి ఉంటుంది, మీరు చెప్పిన భవానీ ద్వీపమేమో దానికి ఎగువన ఉంది. జనవరి నాటికి బ్యారేజీ దిగువన నీటికంటే ఇసుకే ఎక్కువగా కనిపిస్తుందని మీకు నేను చెప్పనక్కరలేదు.

మన పెద్దలు సీతానగరం దగ్గర మొదలయ్యే కొమ్మమూరు కాలువ మీద పెదగంజాం దాకా, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువ మీద మద్రాసు దాకా పడవల్లో సరుకులు నడిపిన మాట నిజమే. ఆ దారిని 2008లో 4వ జాతీయ జలమార్గంలో భాగంగా కూడా ప్రకటించారు. కాని ఆ పడవలు అడుగు చదునుగా ఉండి కొద్దిపాటి నీళ్లలోనే జారిపోయేవి. కీల్ ఉన్న సముద్రపు పడవకు ఆ దారి పనికిరాదు.

ఇక బందరు సంగతి. 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు, డచ్చివారు వారికంటే ముందే వచ్చారు. అంత పేరున్న రోజుల్లో సైతం పెద్ద ఓడలు ఒడ్డుకు కొన్ని మైళ్ల దూరంలో లంగరు వేసేవి, సరుకును చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చేవారు, ఎందుకంటే ఆ తీరంలో సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. అటువంటి చోట గాలి ఎదురు తిరిగితే ఆశ్రయం ఉండదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయిన ఊరు అది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మీ తరం కళ్లారా చూసినదే. ఇప్పుడు మంగినపూడి దగ్గర 2023 నుంచి కొత్త రేవు పనులు జరుగుతున్నాయి గాని, అది సరుకు ఓడల కోసం కడుతున్న రేవు. పైగా విదేశీ పడవ ఏ దేశానికి వచ్చినా మొట్టమొదట కస్టమ్స్, ఇమిగ్రేషన్ అధికారులున్న రేవులోనే ఆగాలి. నచ్చిన తీరంలో లంగరు వేసి బంధువుల ఇంటికి నడిచి వెళితే అది నేరమవుతుంది.

విశాఖలో ఆ అధికారులందరూ ఉన్నారు. అయితే అది నౌకాదళ తూర్పు విభాగానికి కేంద్రం, మిగిలినదంతా భారీ ఓడల రేవు. ఓడల కోసం కట్టిన ఎత్తైన గట్టుకు చిన్న పడవను కట్టివేస్తే, ఓడలను లాగే టగ్గు పడవలు వెళ్లినప్పుడల్లా లేచే అలలకు అది గోడను రాసుకుని పాడవుతుంది. కుటుంబంతో వారాల తరబడి ఉండదగ్గ చోటు కాదు. కొచ్చిలోనైతే 2010లో బోల్గట్టి ద్వీపం మీద ఇటువంటి పడవల కోసమే మెరీనా ఏర్పాటు చేశారు. అది ఫోర్ట్ కొచ్చికీ వైపిన్‌కూ మధ్యనున్న సముద్ర ముఖం దాటి బాగా లోపలికి, అలలు తగలని చోట ఉంది. పడవను కట్టుకోవడానికి తేలే వేదికలు, మంచినీళ్లు, కరెంటు అక్కడ దొరుకుతాయి.

గాలి లెక్క కూడా కొచ్చి వైపే మొగ్గుతుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా బంగాళాఖాతంలో ఈశాన్యపు గాలి వీస్తుంది. ఫుకెట్ నుంచి శ్రీలంకలోని గాలె రేవుకు సుమారు 1,100 నాటికల్ మైళ్లు. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. గంటకు అయిదు మైళ్ల చొప్పున రాత్రింబగళ్లు నడిస్తే తొమ్మిది పది రోజుల్లో, గాలిని వెనుకవైపు ఉంచుకుని, పిల్లలకు పెద్దగా కుదుపు లేకుండా చేరవచ్చు. అదే విశాఖకు రావాలంటే పది డిగ్రీల అక్షాంశం ఉత్తరానికి, ఆ గాలి పక్క నుంచి కొడుతుండగా ఒరిగి నడవాలి. మళ్లీ కిందికి దిగి, రామసేతువు దగ్గర లోతు లేదు కనుక శ్రీలంకను చుట్టి రావాలి. రాలేరని కాదు. ఆ అదనపు వారాల భారం పడేది మీ మనవల మీద, రాత్రి కాపలాలతో నిద్ర చాలని మీ అమ్మాయి మీద.

ప్రశ్న: (అదే పాఠకురాలు) సరే, మేమే కొచ్చి వెళతాం. టిక్కెట్లు ఏ తేదీకి తీసుకోవాలి? అక్కడ పడవలోనే ఉండవచ్చా? పిల్లలను ఒకసారి విజయవాడ తీసుకురావచ్చా?

జవాబు: తేదీ అడిగితే మీ అమ్మాయి మొహమాటానికి ఏదో ఒకటి చెబుతుంది, ఆ మాట మీద టిక్కెట్లు కొనకండి. తెరచాప పడవ విషయంలో ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలన్న ఆత్రుత ప్రమాదకరం. తాతయ్య అమ్మమ్మ స్టేషనులో ఎదురుచూస్తుంటారన్న బెంగతో వాతావరణం బాగాలేని రోజున బయలుదేరినవారు ఇబ్బందుల పాలవుతారు. 2017 నవంబరు చివర ఓఖీ తుపాను కన్యాకుమారి, కేరళ సముద్రంలో ఎంత త్వరగా బలపడిందో గుర్తు తెచ్చుకోండి. కనుక "గాలె నుంచి బయలుదేరాం" అన్న కబురు వచ్చేదాకా ఆగండి. అక్కడి నుంచి కొచ్చికి సుమారు 350 నాటికల్ మైళ్లు, మూడు నాలుగు రోజుల దారి. కబురు అందిన తరువాత అయిదో రోజుకో ఆరో రోజుకో తత్కాల్‌లో తీసుకుంటే సరిపోతుంది. ముందే తీసుకోవాలనుకుంటే 60 రోజుల ముందు నుంచి రిజర్వేషన్ దొరుకుతుంది గాని, రద్దు చేసుకోవడానికి సిద్ధపడి తీసుకోండి. మీకు విజయవాడలో కేరళ ఎక్స్‌ప్రెస్ ఉంది. గుంటూరు వారికి శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది. రెండూ కొచ్చి నగరంలోని ఎర్నాకుళం టౌన్ స్టేషను మీదుగానే వెళతాయి.

చేరిన మొదటి రెండు రోజులూ వారి జోలికి వెళ్లకపోవడం మంచిదని నా అభిప్రాయం. విదేశీ పడవ రేవులోకి రాగానే పసుపు జెండా ఎగరవేసి, అధికారులు వచ్చి కాగితాలు చూసేదాకా ఎవరూ ఒడ్డున అడుగు పెట్టకూడదు. ఆరోగ్య తనిఖీ, కస్టమ్స్, ఇమిగ్రేషన్ ఒకదాని తరువాత ఒకటి జరుగుతాయి. క్రితం రేవు ఇచ్చిన అనుమతి పత్రం, పడవ రిజిస్ట్రేషను, అందులో ఉన్న మనుషుల జాబితా, సామాను జాబితా అన్నీ అడుగుతారు. ఇక్కడ ఒక ముఖ్యమైన మాట మీ అల్లుడికి ఇప్పుడే చేరవేయండి. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇరిడియం, తురాయా వంటి ఉపగ్రహ ఫోన్లు ఉంచుకోవడం, వాడటం నేరం. సముద్రం మీద ప్రాణాధారమైన ఆ పరికరాలను ఇక్కడికి రాగానే దాచకుండా ప్రకటించాలి, అధికారులు చెప్పినట్లు ఆపివేసి ఉంచాలి. తెలియక సంచిలో వేసుకుని విమానాశ్రయాలకు వెళ్లిన విదేశీయులు అరెస్టయిన సందర్భాలు ఉన్నాయి.

కాగితాలు ముగిశాక వారికి నిద్ర కావాలి, ఆ తరువాత పని ఉంటుంది. చూసేవారికి విహారయాత్రలా కనిపించే ఈ మజిలీ నిజానికి మరమ్మతుల సమయం. చిరిగిన తెరచాప కుట్టించడం, ఇంజను నూనె మార్చడం, అడుగున పట్టిన నాచునూ నత్తలనూ గీకించడం, ఉప్పు పట్టిన బట్టలన్నీ ఉతికించడం, డీజిల్, గ్యాస్, నెలలకు సరిపడా వెచ్చాలు నింపుకోవడం, అన్నీ అక్కడే జరగాలి. ఆ సమయంలో పిల్లలను మీరు చూసుకుంటే అంతకు మించిన సాయం లేదు. హైకోర్టు జెట్టీ నుంచి 2023లో మొదలైన వాటర్ మెట్రో పడవలు ఉన్నాయి. వాటిలో ఒక రోజు ఫోర్ట్ కొచ్చి తీసుకెళ్లి చైనా వలలు చూపించండి. మట్టాంచేరిలోని డచ్ ప్యాలెస్ గోడల మీద రామాయణ చిత్రాలు ఉన్నాయి, మనవలకు కథ చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

పడవలో పడుకోవడం మీకు సుఖంగా ఉండదు. గదులు ఇరుకు, మెట్లు నిటారు, రేవు లోపల గాలి ఆడదు, దోమలు సరేసరి. మెరైన్ డ్రైవ్ ప్రాంతంలో గది తీసుకుని గోశ్రీ వంతెన మీదుగా ఆటోలో రోజూ వెళ్లి రండి. గట్టి సూట్‌కేసులకు పడవలో చోటుండదు, మడిచే గుడ్డ సంచులు పట్టుకెళ్లండి. చెప్పులు బయటే విడవండి. మరుగుదొడ్డి చేతి పంపుతో పనిచేసేది కావచ్చు, వాడే పద్ధతి సిగ్గుపడకుండా ముందే అడిగి తెలుసుకోండి. అది మూసుకుపోతే విప్పి బాగుచేయవలసినవాడు మీ అల్లుడే.

పడవ కృష్ణలోకి రాలేకపోయినా పిల్లలను విజయవాడ తీసుకురావడం సాధ్యమే. అయితే ఒడ్డున దిగడానికి రేవులో ఇచ్చే తాత్కాలిక అనుమతి, అంటే షోర్ పాస్ మీద వచ్చినవారు ఆ ఊరు దాటి వెళ్లడానికి వీల్లేదు. మీ వాళ్లందరికీ విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు గాని సరైన వీసా గాని ఉండాలి. పడవను ఖాళీగా వదలవలసి వస్తే మెరీనావారికి తెలియజేసి, తాళ్లు, బ్యాటరీలు, అడుగున చేరే నీటిని తోడే పంపు రోజూ చూసే మనిషిని కుదుర్చుకుని రమ్మనండి.

ప్రశ్న: మా తమ్ముడి కుటుంబం కూడా ఇలాగే పడవలో కొచ్చి చేరబోతోంది. ఆవకాయ, గోంగూర, పొడులు పంపాలని మా అమ్మ పట్టుబడుతోంది. ఏవి నిలవ ఉంటాయి? ఎలా సర్దాలి?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పట్టుబట్టనివ్వండి, సముద్రం మీద మన వంటిల్లు చాలా బాగా పనికివస్తుంది. పడవలో ఫ్రిజ్ చిన్నది, దానికి కరెంటు సోలార్ పలకల నుంచి రావాలి. అందువల్ల ఉప్పు, నూనె, కారం మీద నిలిచే పదార్థాలకు అక్కడ విలువ ఎక్కువ. జనవరికి కొత్తావకాయ ఉండదు కాబట్టి నిరుటి జాడీలో బాగా ఊరిన ముక్కనే ఇవ్వండి, పైన రెండు వేళ్ల మందాన నూనె తేలి ఉండాలి. నూనెలో మగ్గించిన గోంగూర, చింతకాయ, ఉసిరికాయ పచ్చళ్లు, కందిపొడి, కరివేపాకు పొడి, చల్ల మిరపకాయలు, సున్నుండలు, అటుకులు, మరమరాలు అన్నీ ఇవ్వదగ్గవే. మరమరాలకు చోటు ఎక్కువ పడుతుందని మీ తమ్ముడు గొణిగినా పిల్లలు కాదనరు.

గాజు సీసాలు మాత్రం ఇవ్వకండి. పడవ ఒరిగినప్పుడు సీసా పగిలితే నూనె, గాజు పెంకులు కలిసి నేలంతా జారుడు అవుతుంది, చెప్పుల్లేని కాళ్లతో తిరిగే పిల్లలున్న చోట అది పెద్ద ప్రమాదం. మర మూతలున్న మందపాటి ప్లాస్టిక్ డబ్బాలు గాని స్టీలు డబ్బాలు గాని వాడండి. పొడులను ఒకే పెద్ద డబ్బాలో పోయకుండా వారానికొకటి చొప్పున చిన్న పొట్లాలుగా గాలి చొరకుండా అతికించండి, ఎందుకంటే సముద్రపు తేమకు ఒకసారి తెరిచిన పొడి రెండు రోజుల్లో ముద్ద కడుతుంది. అట్టపెట్టెలు పడవలోకి ఎక్కనివ్వరు. వాటి పొరల్లో బొద్దింకల గుడ్లు ఉంటాయని, ఒకసారి చేరాయంటే వదలవని వారి అనుభవం. బియ్యం, పప్పులు కూడా సంచి మార్చి, పురుగు లేదని చూసి ఎక్కించుకుంటారు.

తెనాలి మార్కెట్లో నిమ్మకాయలు కొని ఒక్కొక్కటి కాగితంలో చుట్టి ఇస్తే వారాల తరబడి నిలుస్తాయి. తాజా పండ్లు కూరలు లేని పూర్వపు ఓడ ప్రయాణాల్లో స్కర్వీ వ్యాధితో నావికులు మూకుమ్మడిగా చనిపోయేవారు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు కొందరు రోగులకు నారింజ, నిమ్మపండ్లు ఇచ్చి చూసి వాటితోనే గుణం కనిపించిందని నిర్ధారించాడు. మన పచ్చి ఉసిరికాయల్లో సి విటమిన్ అంతకంటే ఎక్కువ, అవి కూడా దొరికితే ఒక సంచి చేర్చండి.

వారి దగ్గర ప్రెషర్ కుక్కరు లేకపోతే ఒక చిన్నది కొనిపెట్టడం పచ్చళ్లన్నింటికంటే మంచి కానుక. గ్యాస్ సగం ఖర్చులో పని అవుతుంది, పడవ ఊగినా మూత బిగించి ఉంటుంది కనుక మరిగే పప్పు మీద పడదు. పడవ పొయ్యి కూడా ఊయలలా అటూ ఇటూ ఒరిగి మట్టంగా నిలిచేట్టు అమర్చి ఉంటుంది. ఒక్క హెచ్చరిక: మిగిలినవి ఎన్నాళ్లు దాచుకున్నా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ చేరేసరికి తనిఖీ అధికారులు ఇంట్లో చేసిన పదార్థాలను తీసి పారవేసే అవకాశం ఉంది. ఆ దేశాల వైపు తిరిగేలోపే తినేయమని చెప్పండి.

ప్రశ్న: బడి మాన్పించి పిల్లలను ఇలా తిప్పడం వారి చదువుకు అన్యాయం కాదా?
– ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, బడి మానినా చాలా కుటుంబాల్లో చదువు మానరు. న్యూజిలాండ్‌లో 1922 నుంచీ దూరవిద్యా పాఠశాల ఒకటి నడుస్తోంది, ఇప్పుడు దానిని తె కురా అంటున్నారు. మన దేశంలో అటువంటి అవసరానికి 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక పాఠశాల ఉంది. ప్రయాణపు రోజుల్లో పొద్దున్నే రెండు మూడు గంటలు పుస్తకాలు, మిగిలిన సమయం పడవ పనులు అన్నది సాధారణంగా కనిపించే పద్ధతి. లోటు లేదని నేను అనను. తోటి పిల్లల సావాసం, ఆటలు, ఒకే భాషలో ఏళ్ల తరబడి సాగే స్నేహాలు పోతాయి. తల్లే పంతులమ్మ కావడం వల్ల తల్లికీ బిడ్డకూ మధ్య పెరిగే చికాకు కూడా తక్కువేమీ కాదు.

అయితే మీరు ఉపాధ్యాయులు గనుక ఒక సంగతి మీకు నచ్చవచ్చు. ధ్రువ నక్షత్రం దిగంతం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో కనిపిస్తుందో మన అక్షాంశం ఇంచుమించు అంతే. విజయవాడలో అది పదహారున్నర డిగ్రీల ఎత్తున ఉంటుంది, కొచ్చిలో పదికి, గాలెలో ఆరుకు దిగిపోతుంది. రాత్రి తరువాత రాత్రి ఆ చుక్క కిందికి జారడం చూసిన పిల్లవాడికి అక్షాంశం గురించి వేరే పాఠం చెప్పనక్కరలేదు.

ప్రశ్న: ఆడవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న పడవ నడిసముద్రంలో రాత్రిళ్లు ఎలా క్షేమంగా ఉంటుంది?
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఆడవాళ్ల గురించి బెంగ అక్కరలేదు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో బయలుదేరి 2018 మే నెలలో భూమిని చుట్టి వచ్చిన నౌకాదళ బృందంలో ఆరుగురూ మహిళలే. వారిలో పి. స్వాతి విశాఖపట్నం అమ్మాయి, బి. ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. రాత్రి ఎవరో ఒకరు మూడు నాలుగు గంటల వంతున మెలకువగా ఉండి కాపలా కాస్తారు. ఓడల ఉనికిని తెలిపే ఏఐఎస్ పరికరం దారిలో వచ్చే పెద్ద ఓడలను చూపుతుంది. కేరళ తీరంలో అసలు చిక్కు పెద్ద ఓడలతో కాదు, దీపం సరిగా లేని చేపల పడవలతోనూ వాటి వలలతోనూ వస్తుంది. అందుకే చాలామంది పగటి వేళే రేవు చేరేట్టు లెక్క వేసుకుంటారు. పిల్లలకు పడవ చుట్టూ వల కడతారు, పైకి వస్తే నడుముకు పట్టీ వేసి తాడుతో కట్టి ఉంచడం తప్పనిసరి నియమం.

ప్రశ్న: మా అన్నయ్య పడవ కొచ్చిలో ఉన్నప్పుడు మేము కూడా ఎక్కి ఒక పూట సముద్రంలోకి వెళ్లి రావచ్చా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: మెరీనాలో కట్టి ఉన్న పడవను అనుమతి తీసుకుని ఎక్కి చూడవచ్చు. కాని పడవ కదిలితే అందులోని ప్రతి మనిషీ అధికారులకు ఇచ్చిన జాబితాలో ఉండాలి, రేవు దాటడానికి పోర్టు కంట్రోల్ అనుమతి కావాలి. విదేశీ పడవలో బంధువులను ఊరికే తిప్పడం అన్నయ్యకు లేనిపోని చిక్కు తెచ్చిపెడుతుంది. సరదా తీరాలంటే సాయంత్రం మెరైన్ డ్రైవ్ నుంచి నడిచే స్థానిక విహార పడవ ఎక్కండి, అన్నయ్యను, పిల్లలను కూడా ఎక్కించుకోండి. ఆ ఒక్క గంటా చుక్కాని పట్టుకోవలసిన పని ఆయనకు ఉండదు.